మా వాడి ఇంటర్వ్యూ ఏమైంది మేడమ్?

రేణిగుంట పక్క ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తా నేను. కంపెనీ పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే మా మేనేజర్ పిలుస్తాడు. నా పని ఎక్కువగా రిక్రూట్‌మెంటే, ఐటీఐ వాళ్ళు, డిప్లొమా వాళ్ళు, బీటెక్ వాళ్ళు, అసెంబ్లీ లైన్ మీదికి ఇంటర్, డిగ్రీ చదివిన ఆడపిల్లలు. వాకిన్ పెట్టిన మర్నాటి నుంచి ఫోన్ మోగతానే ఉంటుంది, ఎత్తితే అవతల క్యాండిడేట్ ఉండడు, వాళ్ళ నాయనో అమ్మో మేనమామో ఉంటారు. "మేడమ్, మా వాడు నిన్న మీ కాడికి ఇంటర్వ్యూకి వచ్చినాడు, ఏమైంది మేడమ్?" పేరు చెప్పండి సార్ అంటే చిన్నా అనో బుజ్జి అనో ఇంట్లో పిలిచే పేరు చెప్తారు, సర్టిఫికెట్లో ఉండే పేరు కావాలంటే పక్కకి తిరిగి "ఏమే, వాడి పేరు సర్టిఫికెట్లో ఎట్లుంది?" అని అరుస్తారు, ఆ అరుపు నా చెవిలోనే పడుతుంది.

మా ఆఫీసులో హైదరాబాద్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన ఒకాయన ఉన్నాడు, ఆయనకి ఇదంతా పెద్ద కామెడీ. ఇరవై రెండేళ్ళ మనిషి తరఫున నాయన ఫోన్ చేయడం ఏంది, ఇట్లాంటోడు రేపు మెషిన్ ఆగిపోతే కూడా అమ్మకి ఫోన్ చేస్తాడు, ఫోన్ వచ్చిందంటే రిజెక్ట్ కొట్టేయండి అంటాడు. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకంటే కంపెనీకి అవసరమైనప్పుడు ఈ అమ్మానాన్నల్ని వెతుక్కుంటా పోయేది మేమే.

లైన్‌కి ఆడపిల్లలు కావాలంటే ఏం చేస్తామో చెప్తా వినండి. కారు ఏసుకుని సత్యవేడు పక్క, నగరి పక్క, శ్రీకాళహస్తి పక్క ఊళ్ళకి పోతాం, పంచాయితీ ఆఫీసు కాడ పాంప్లెట్లు పంచి, ఒక్కో ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని వాళ్ళమ్మతో మాట్లాడతాం, హాస్టల్ ఫోటోలు చూపిస్తాం, బస్సు ఊరి దాకా వస్తుందని చెప్తాం. ఆ పిల్ల గుమ్మం కాడ నిలబడి ఉంటుంది, మేము మాత్రం వాళ్ళ నాయన్ని ఒప్పిస్తా ఉంటాం. 2015లో శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ మొదలైన కాడి నుంచి ఈ పక్క ఆడపిల్లలు వేలల్లో పనికి పోతున్నారు, అది ఇంటి పెద్దోళ్ళని ఒప్పించకుండా అయిందా. పెద్ద పెద్దోళ్ళు కూడా చేసిన పనే ఇది. మద్రాసులో పుట్టి పెరిగిన ఇంద్రా నూయీ పెప్సీకో సీఈఓ అయినాక ఇంటికొస్తే, చూడ్డానికి వచ్చినోళ్ళంతా ఈమెని వదిలేసి వాళ్ళమ్మని మెచ్చుకున్నారంట, అది చూసి తన కింద పనిచేసే పెద్ద ఆఫీసర్ల తల్లిదండ్రులకి మీ బిడ్డని మాకిచ్చినందుకు థ్యాంక్స్ అని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. లింక్డిన్ వాళ్ళు 2013లో ఉద్యోగులు అమ్మానాన్నల్ని ఆఫీసుకి తీసుకొచ్చే రోజు అని ఒకటి పెట్టినారు. మనిషిని తెచ్చుకోడానికి, నిలబెట్టుకోడానికి అమ్మానాన్న కావాల, రిజల్ట్ అడగడానికి ఫోన్ చేస్తే మాత్రం వాళ్ళు అడ్డం. ఇదెక్కడి న్యాయమో.

అట్లని వాళ్ళు అడిగింది చెప్పేస్తానా అంటే చెప్పను. క్యాండిడేట్ రిజల్ట్ క్యాండిడేట్‌కే. 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చిందని మా లీగల్ వాళ్ళు ఒక మెయిల్ కూడా పెట్టినారు గానీ, చట్టం లేకపోయినా చెప్పకూడదనే నా పట్టు. పెళ్ళి సంబంధం చూస్తున్నోళ్ళు ఫోన్ చేసి "మీ కాడ ఫలానా అబ్బోడు నిజంగా చేస్తున్నాడా, జీతమెంత?" అని అడుగుతారు, ఇంకో కంపెనీ బ్రోకర్ నాయన గొంతు పెట్టి అడుగుతాడు. ఫోన్లో ఎవరి నాయన ఎవరో నాకేం తెలుసు.

ఇన్నేళ్ళలో నేను కనిపెట్టింది ఒకటుంది, ఈ ఫోన్లు చేసే నాయనల్లో చాలామందికి ఇంట్లో వాళ్ళ పిల్లోడు ఏమీ చెప్పడు. ఏం చెప్పడు అంటే ఏమీ చెప్పడు. "ఇంటర్వ్యూ ఎట్ల చేసినావురా అంటే బానే చేసినా అంటాడు మేడమ్, అంతే, ఇంగ ఫోన్ చూసుకుంటా ఉంటాడు, తిట్టినా పలకడు, అందుకే మిమ్మల్ని అడగతాండా." ఈ మాట ఒకరు కాదు, పుత్తూరు నాయనా ఇదే చెప్తాడు, పీలేరు నాయనా ఇదే చెప్తాడు. ఆ మనిషి పాలు పోసి ఫీజు కట్టుంటాడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని సంవత్సరం ఆవునో, అమ్మ మెడలో గొలుసునో అమ్ముంటాడు. నాలుగేళ్ళు కట్టినాక ఏం జరగతా ఉందో ఒక ముక్క తెలుసుకోవాలని ఉండదా? పిల్లోడి ఫోన్‌కి లాక్ ఉంటుంది, మెయిల్ ఏందో తెలీదు, పోర్టల్ ఏందో తెలీదు, తెలిసిందల్లా ఆఫర్ పాంప్లెట్ మీద ఉన్న నా నంబరు. దానికి కొడతాడు.

పలమనేరు పక్క నుంచి ఒక అబ్బోడు వచ్చినాడు, డిప్లొమా మెకానికల్. మనిషి మంచోడే. టెక్నికల్ రౌండులో మా క్వాలిటీ సార్ వెర్నియర్ కాలిపర్, అదే సన్నటి కొలతలు తీసే పనిముట్టు, చేతిలో పెట్టి ఒక పిన్ను డయామీటర్ చదవమన్నాడు. మెయిన్ స్కేల్ చదివినాడు, వెర్నియర్ గీతల కాడికొచ్చేసరికి ఆగిపోయినాడు, లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగలిగే అన్నిటికంటే చిన్న కొలత, ఎంత అని అడిగితే పాయింట్ వన్ అన్నాడు, దాని మీదే 0.02 అని అచ్చు కొట్టి ఉంది. సార్ ఇంకేం అడగలేదు. సరే, అట్లాంటోళ్ళు చాలామంది ఉంటారు, మూడేళ్ళ చదువులో ల్యాబులో ఒక బ్యాచ్‌కి ఒక కాలిపర్, పట్టుకునేది ఒకడు, రికార్డు రాసుకునేది మిగతా అందరూ.

తర్వాత సోమవారం గేటు కాడ నుంచి సెక్యూరిటీ ఫోన్, మేడమ్ ఎవరో జాయినింగ్‌కి వచ్చినారు అని. ఆ రోజు జాయినింగులే లేవు. పోయి చూస్తే ఆ అబ్బోడు, వాళ్ళ నాయన, ఒక ట్రంకు పెట్టె, చాప, కొత్త బకెట్ ఒకటి. ఇంటికాడ సెలెక్ట్ అయిపోయినా, సోమవారం రమ్మన్నారు అని చెప్పేసినాడంట, నాయన నమ్మి ఊర్లో అందరికీ చెప్పుకుని, బస్సుకి తీసుకొచ్చినాడు. అబ్బోడు నా మొహం చూడ్డంలేదు. వాళ్ళ నాయన మాత్రం నవ్వతా, "వీడికి రూము దొరికేదాకా ఆ హాస్టలేదో చూపించండి మేడమ్" అంటా ఉన్నాడు. నేను ఒక పేపర్ మీద సంతకం కావాలని చెప్పి అబ్బోణ్ణి ఒక్కణ్ణే లోపలికి పిలిచి కూర్చోబెట్టినా. తిట్టలేదు, వాడు తిట్టించుకునే స్థితిలో లేడు. నేను మీ నాయనకి చెప్పను, చెప్పాల్సింది నువ్వే, కావాలంటే ఈ రూములోనే చెప్పు, నేను బయట ఉంటా అన్నా. చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నాయన్ని లోపలికి పిలిచినాడు.

బయట నిలబడి నేను అరుపులు వినిపిస్తాయనే అనుకున్నా, నిజం చెప్తున్నా. ఏమీ వినపడలేదు. తలుపు తీసుకుని ఆ పెద్దాయన నా కాడికొచ్చి అడిగిన మొదటి మాట, "మేడమ్, ఆ వెర్నియర్ అంటే ఏంది, యాడ నేర్పిస్తారు?" నాకు ఆయన మీద అంత గౌరవం కలిగింది ఏం చెప్పను, మా టూల్‌రూమ్ సీనియర్ని పిలిచి ఇద్దరికీ చూపించమన్నా, నాయన కూడా కాలిపర్ పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని గీతలు లెక్కపెట్టినాడు. పెట్టె, చాప, బకెట్ మళ్ళీ బస్సుకే పోయినాయి అనుకోండి, ఆ ప్రయాణం ఎట్ల జరిగిందో నాకు తెలీదు. కొన్ని నెలలకి ఆయనే ఫోన్ చేసినాడు, వాడు వేరే చోట అప్రెంటిస్‌గా చేరినాడని, చేరినాక ఇది పర్మనెంట్ అవుతుందా, పీఎఫ్ ఎందుకు కట్ చేయడంలేదు అని.

ఆ రెండు ప్రశ్నలూ చూడండి, ఎంత సరైన ప్రశ్నలో. 1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ కింద చేర్చుకున్నోళ్ళకి ఇచ్చేది స్టైపెండ్, జీతం కాదు, పీఎఫ్ వాళ్ళకి వర్తించదు, ట్రైనింగ్ అయిపోయినాక ఉద్యోగం ఇచ్చి తీరాలనే రూలూ కంపెనీకి లేదు. అదే ట్రైనీ అని జీతం మీద తీసుకున్నోళ్ళ కత వేరు. చేరే పిల్లకాయల్లో చాలామందికి ఈ తేడా తెలీదు, అడగనే అడగరు, లెటర్ మీద కంపెనీ లోగో కనపడితే చాలు స్టేటస్ పెట్టేస్తారు. నాయనలే అడుగుతారు. ఆర్టీసీలో చేసినోళ్ళు, స్పిన్నింగ్ మిల్లులో చేసినోళ్ళు, రైల్వే వర్క్‌షాపులో చేసినోళ్ళు, వాళ్ళకి పేస్లిప్ అంటే తెలుసు. సీటీసీ, అంటే ఒక మనిషి మీద కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు, 3 లక్షలు అని రాసి ఉంటే పిల్లోడు పన్నెండుతో భాగించి నెలకి 25 వేలు చేతికొస్తాయి అనుకుంటాడు, నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి ఇందులో మీ వంతు పీఎఫ్ కూడా కలిపేసినారు కదా, గ్రాట్యుటీ కూడా వేసినారు, అది ఐదేళ్ళు చేస్తే గదా వచ్చేది అంటాడు. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం మనిషి దగ్గర పట్టుకుని ఇంకో 12 శాతం కంపెనీ వేస్తుంది, ఆ కంపెనీ వంతులో 8.33 పెన్షన్‌కి పోతుంది, ఇది నాకు ఎంబీఏలో ఎవరూ చెప్పలేదు, మా నాయన చెప్పినాడు.

మా నాయన గురించి కూడా చెప్పాల ఇక్కడ. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. నా మొదటి ఇంటర్వ్యూకి మద్రాసు అంబత్తూరుకి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నాతోపాటు వచ్చినాడు. నాకు సిగ్గు, గేటు కాడే ఉండిపో నాయనా, లోపలికి రావద్దు అన్నా. సరేనని ఉండిపోయినాడు. నేను లోపల రెండు రౌండ్లు చేసి సెలెక్ట్ అయి నవ్వతా బయటికొస్తే, ఆయన ఎదురుగా ఉన్న టీ అంగడిలో కూర్చుని ఉన్నాడు, పక్కనే డ్యూటీ దిగిన సెక్యూరిటీ ఆయన. ఇద్దరూ టీ తాగతా అరవంలో మాట్లాడుకుంటున్నారు. నాయన నాతో ఒకటే అన్నాడు, ఇక్కడ జీతం మూడు నెలలకొకసారి ఇస్తున్నారంట, టీ అంగడిలో వీళ్ళ స్టాఫ్ బాకీ నోటు పుస్తకంలో ఉంది, నేను చూసినా. నేను చేరలేదు. లోపల నాకు పవర్‌పాయింట్ చూపించినారు, బయట ఆయనకి బాకీ పుస్తకం చూపించినారు.

ఇప్పుడు మా గేటు కాడ వేపచెట్టు కింద కూర్చునే నాయనల్ని చూస్తే నాకు తెలుసు వాళ్ళేం చేస్తున్నారో. మా సెక్యూరిటీని అడుగుతా ఉంటారు, జీతం ఏ తేదీకి పడుతుంది, ఓటీ ఇస్తారా, క్యాంటీన్‌లో అన్నం ఎట్ల ఉంటుంది, ఈ మధ్య ఎవరన్నా మానేసి పోయినారా. లోపల వాళ్ళ పిల్లోణ్ణి ప్రశ్నలు ఉన్నాయా అని అడిగితే నో మేడమ్ అంటాడు.

సిఫార్సు లెటర్లు తెచ్చేవాళ్ళూ ఉన్నారు, లేరనను. ఎమ్మెల్యే ఆఫీసు లెటర్‌హెడ్ మీద, ఒక్కోసారి వార్డు లీడర్ విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసింది కూడా. ఒకాయనైతే 2019లో లోకల్ వాళ్ళకి 75 శాతం ఉద్యోగాలివ్వాలని అసెంబ్లీలో చట్టం చేసినారు కదా మేడమ్, మాది కరకంబాడి, ఇంతకంటే లోకల్ ఎవరుంటారు అన్నాడు, పేపర్ కటింగ్ కూడా తెచ్చినాడు. చట్టం శాతం గురించి చెప్తుంది సార్, మీ వాడి గురించి చెప్పదు అన్నా. నవ్వినాడు, కటింగ్ మాత్రం నా టేబుల్ మీదే వదిలేసి పోయినాడు. ఇంక కొండకి పోయొచ్చినామని లడ్డూ తెచ్చేవాళ్ళు. మా కంపెనీ పాలసీలో గిఫ్టులు తీసుకోకూడదని పెద్ద చాప్టర్ ఉంది, దాన్ని రాసినోళ్ళు తిరుపతిలో ఎప్పుడూ పని చేసుండరు. ప్రసాదం వద్దని ఎట్ల అంటాం. చిటికెడు తీసుకుని కళ్ళకద్దుకుని మిగతాది సెక్యూరిటీ రూమ్‌కి పంపించేస్తా, రిజల్ట్ మారదు.

వీటన్నిటికీ నేను విసుక్కోను. నాకు ఒళ్ళు మండేది ఒక్క దానికే, డబ్బు కట్టి వచ్చేవాళ్ళని చూస్తే. పిల్లోడికి తెలీకుండా నాయన, నాయనకి తెలీకుండా మామ, ఎవడో ఒకడికి లక్షో రెండు లక్షలో కట్టేసి ఉంటారు. "మీ హెచ్‌ఆర్ మేడమ్‌కి ఇవ్వాలన్నాడు" అని నా మొహం మీదే చెప్పినారు ఒకసారి. ఆ రోజు నేను పడిన బాధ నాకు తెలుసు. తిరుపతిలో అయితే ఇంకా సులువు, దేవస్థానంలో ఉద్యోగం అంటే ఎవరైనా కరిగిపోతారు, దళారుల్ని నమ్మొద్దని టీటీడీ వాళ్ళే ఎన్నోసార్లు ప్రకటనలు ఇచ్చినా మళ్ళీ ఎవరో ఒకరు మోసపోయినారని పేపర్లో వస్తానే ఉంటుంది. ఐటీలో డబ్బు కట్టి దొడ్డిదారిన చేరే బ్యాక్‌డోర్, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కత తెలిసిందే, ఇప్పుడు ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ యూఏఎన్ నంబరుతో ముందెక్కడ చేసినాడో బయటపడిపోతుంది, చేరిన ఆరు నెలలకైనా బీజీవీలో, అంటే పాత వివరాలు నిజమా కాదా అని కంపెనీ చేసే విచారణలో, దొరికి బయటికి పోతారు, కట్టిన డబ్బు ఎవడిస్తాడు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం డిపాజిట్ అని ముందే డబ్బు అడిగినాడంటే అది ఉద్యోగం కాదు. ఇక్కడ తప్పు అమ్మానాన్నలదా అంటే, వాళ్ళ కాలంలో పనులు అట్లనే జరగడం వాళ్ళు చూసినారు, ఎవరికో ఇస్తే ఎక్కడో పని అయింది, ఆ లెక్కనే ఇప్పుడూ కడతారు. పిల్లోడు నోరు తెరిచి ఇప్పుడు ఇట్లా జరగదు నాయనా, మెయిల్ ఐడీ చూడు, జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ వస్తుందా అని చెప్పుంటే సగం ఇళ్ళల్లో ఆ డబ్బు మిగిలుండేది. మళ్ళీ అక్కడికే వస్తాను, చెప్పరు.

గవర్నమెంట్ ఉద్యోగం పిచ్చి గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను తక్కువ రాస్తా. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి ఒక్కసారిగా లక్షా ఇరవై వేలకి పైగా పోస్టులు పడినాయి, రాసినోళ్ళు లక్షల్లో ఉన్నా ప్రతి ఊర్లో ఎవరో ఒకరికి వచ్చింది, ఎదురింటోళ్ళ పిల్లకి వచ్చింది, ఇంగ ఆ నాయన మన పిల్లోణ్ణి ఫ్యాక్టరీకి ఎట్ల పంపుతాడు. మొన్న 2025 డీఎస్సీలో 16,347 పోస్టులు అనగానే నా దగ్గర జాయిన్ అవుతామన్న బీఈడీ అమ్మాయిలు కొందరు రాలేదు, వాళ్ళ నాయనలే ఫోన్ చేసి ఈ ఒక్కసారి చూస్తాం మేడమ్ అన్నారు. నేను వాళ్ళని తప్పనలేను, నా జాబు కూడా డీఎస్సీ అంత గట్టిది కాదు.

చేరినాక కూడా ఫోన్లు ఆగవు. వాడికి జ్వరం మేడమ్, ఈ రోజు రాడు అని స్కూలుకి లీవ్ లెటర్ రాసినట్టు అమ్మ చెప్తుంది. దీనికి మాత్రం నేను ఒప్పుకోను, వాణ్ణే చేయమనండి, మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టమనండి అంటా. సూపర్‌వైజర్‌కి నువ్వే చెప్పుకోవాలి అనేది ఎక్కడో ఒక చోట మొదలవ్వాల.

ఆడపిల్లల ఇళ్ళ నుంచి వచ్చే ఫోన్ల సంగతి పూర్తిగా వేరు, వీటిని మా హైదరాబాద్ ఆయన కూడా ఎగతాళి చేయకూడదు. వాళ్ళు రిజల్ట్ అడగరు. షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతుంది, బస్సు మా ఊరి అడ్డరోడ్డు కాడ ఆపుతుందా లేకుంటే మెయిన్ రోడ్డు మీదే దించేస్తుందా, డ్రైవర్ ఎవరు, బస్సులో ఇంకెవరైనా ఆడోళ్ళు ఉంటారా, హాస్టల్ వార్డెన్ నంబరు ఇస్తారా. 1948 ఫ్యాక్టరీస్ యాక్ట్‌లో మొదట రాసుకున్నది ఆడవాళ్ళని రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా పనిలో పెట్టకూడదనే, తర్వాత ప్రభుత్వాలు సడలింపులు ఇచ్చుకుంటా వచ్చినా ఇంటి దాకా బండి, సెక్యూరిటీ లాంటి షరతుల మీదే ఇచ్చినాయి. అంటే ఆ అమ్మ అడిగే ప్రశ్నలు చట్టం అడిగిన ప్రశ్నలే. ఇవి ఆమె ఫోన్ చేసి అడగాల్సిన అవసరమే ఉండకూడదు, మేమిచ్చే నోటిఫికేషన్‌లోనే ఉండాల. మేమేం రాస్తాం అంటే ఆకర్షణీయమైన జీతం, ఉచిత రవాణా, అంతే. ఉచితం సరే, యాడ ఎక్కాలి, యాడ దిగాలి?

పోయిన బ్యాచ్‌కి నేను బస్సు రూట్లు, ఆగే చోట్లు, షిఫ్ట్ టైములు, వార్డెన్ ఆఫీసు నంబరు, రిజల్ట్ ఏ తేదీన ఏ నంబరుకి మెసేజ్ వస్తుందో అన్నీ రాసి తెలుగులో ఒక పాంప్లెట్ తయారుచేసి మేనేజర్‌కి పంపినా. ఎక్కువైంది, ఒక పేజీకి కుదించు అన్నాడు. కుదించమంటే బస్సు రూట్లే కొట్టేయాల. కొట్టలేదు, అక్షరాల సైజు తగ్గించి ఒక పేజీలోనే ఇరికించి మళ్ళీ పంపినా, ఇంకా అప్రూవ్ కాలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుంటారులే.